కదలలేని చోట కదిలే గాజు

కోఠిలో ఒక కెమెరా కొట్టు. గాజుబల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, దాని మీద 70-200 f/2.8 లెన్స్ నిలబెట్టాడు కొట్టాయన. జానెడు పొడుగు, కిలోన్నరకు కాస్త తక్కువ బరువు. మా అన్నయ్య కొడుకు దాన్ని రెండు చేతులా అందుకుని రింగు తిప్పాడు. లోపలెక్కడో గాజు కదిలింది గాని పైకి లెన్స్ ఒక్క మిల్లీమీటరు కూడా సాగలేదు. ధర రెండు లక్షలు దాటింది. వాడిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఫొటోలు ఆదివారాల సరదా. నా వైపు తిరిగి, “బాబాయ్, కొనమంటావా?” అన్నాడు.

“కొట్టాయన ముందు అడిగితే ఏం చెప్తాన్రా? పద, టీ తాగుదాం” అన్నాను. టీ తాగుతూ వాడికి చెప్పింది ఆ లెన్స్ జాతకం. ఏ యంత్రమైనా ఎవరి కష్టం తీర్చడానికి పుట్టిందో తెలిస్తే, అది మనకు కావాలా అక్కర్లేదా అన్నది సగం తేలిపోతుంది.

గాడిలో నడిచే గాజు

చిన్నప్పుడు భూతద్దంతో ఎండలో కాగితం కాల్చనివాళ్ళు అరుదు. అద్దాన్ని పైకీ కిందికీ జరుపుతుంటే ఒక ఎత్తులో వెలుగంతా చుక్కలా కూడి కాగితం నుంచి పొగ లేస్తుంది. ఆ ఎత్తే ఆ అద్దం ఫోకల్ లెంగ్త్. బడి పుస్తకాల్లో నాభ్యంతరం అని చదువుకున్నాం. 50 మిల్లీమీటర్ల లెన్స్, 200 మిల్లీమీటర్ల లెన్స్ అని ఫొటోగ్రాఫర్లు చెప్పుకునేది ఈ కొలతే. అంకె పెరిగేకొద్దీ బొమ్మ పెద్దదవుతుంది, కనిపించే మేర తగ్గుతుంది. గాజును సానబెట్టిన రోజునే ఈ అంకె దాని నుదుట రాసేసినట్టు. తర్వాత మారదు.

విడి గాజుకు మారదు గాని, రెండు మూడు గాజుల్ని వరసగా పెడితే వాటి ఉమ్మడి ఫోకల్ లెంగ్త్ వాటి మధ్య ఎడాన్ని బట్టి మారుతుంది. జూమ్ లెన్స్ అంతా ఈ ఒక్క ఉపాయం మీదే నడుస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, ఎడం మార్చగానే బొమ్మ సైజుతో పాటు అది పడే చోటు కూడా జరుగుతుంది. ఫిల్మో సెన్సరో ఉన్నచోటే ఉంటుంది కాబట్టి బొమ్మ మసకబారుతుంది. అందుకని ఒక గాజుల గుంపు సైజు మారుస్తుంటే, ఇంకో గుంపు జారిపోతున్న ఫోకస్‌ను అడుగడుగునా వెనక్కి లాక్కురావాలి. రెండూ ఒకే తీరున కదిలితే ఈ పని సరిగ్గా కుదరదు.

కెమెరాతో పాటు వచ్చిన నా 18-55 లెన్స్ ఒకసారి నా చేతిలోంచే జారి కిందపడి బిగుసుకుపోయింది. ఎలాగూ పోయిందే కదా అని స్క్రూలు విప్పాను. లోపల ఒక ప్లాస్టిక్ గొట్టం, దాని ఒంటి నిండా వంపు తిరిగిన గాడులు. గాజుల గుంపులకు తగిలించిన బుల్లి మేకులు ఆ గాడుల్లో జారుతుంటాయి. రింగును 18 నుంచి 55 వైపు తిప్పితే వెనక గుంపు ముందుకే వస్తుంది. ముందు గుంపు మాత్రం కాస్త వెనక్కి వెళ్ళి, మనసు మార్చుకున్నట్టు మళ్ళీ ముందుకొస్తుంది. మీ దగ్గర అలాంటి లెన్స్ ఉంటే విప్పక్కర్లేదు, తిప్పి చూస్తే చాలు. చాలావాటిలో గొట్టం 18 దగ్గర కొంచెం పొడుగ్గా, 35 దరిదాపుల్లో పొట్టిగా, 55 దగ్గర మళ్ళీ పొడుగ్గా కనిపిస్తుంది. ఆ రాకపోకలే ఫోకస్ సర్దుబాటు. నా లెన్స్‌లో విరిగింది ఒక్క మేకు, బియ్యపు గింజంత. దానితో మొత్తం బండి ఆగిపోయింది.

కుర్చీ దిగలేని కెమెరామన్

గాజుల ఎడం మార్చి బొమ్మ సైజు మార్చే లెన్స్‌కు అమెరికాలో క్లైల్ అలెన్ 1902లోనే పేటెంట్ తీసుకున్నాడు. 1932లో ఇంగ్లండులోని లెస్టర్ నగరం నుంచి టేలర్, టేలర్ అండ్ హాబ్సన్ కంపెనీ సినిమా కెమెరాల కోసం 40 నుంచి 120 మిల్లీమీటర్ల దాకా మారే కుక్ వారో లెన్స్ తెచ్చింది. అయినా సినిమావాళ్ళకు జూమ్ లేకపోతే పని ఆగదు. షాటు ఆపి లెన్స్ మార్చుకోవచ్చు, పట్టాలు పరిచి కెమెరాను ట్రాలీ మీద తోసుకెళ్ళొచ్చు.

ఆటస్థలంలో కూర్చున్న టీవీ కెమెరామన్‌కు ఆ వెసులుబాటు లేదు. బంతి వెనకాల మైదానంలోకి పరిగెత్తలేడు. ‘కాసేపు ఆగండయ్యా’ అని ఆటగాళ్ళకు చెప్పలేడు. కెమెరా ముక్కు మీద మూడు నాలుగు లెన్సులు బిగించిన చక్రం ఒకటి ఉండేది. చక్రం తిప్పి ఒక లెన్స్ తప్పించి ఇంకోటి తెచ్చేలోపు ఆట కాస్తా జరిగిపోయేది. ఆస్ట్రియా నుంచి అమెరికా చేరిన ఇంజనీరు ఫ్రాంక్ బ్యాక్ ఈ కష్టానికి విరుగుడుగా జూమర్ అనే లెన్స్ తయారుచేశాడు. 1947 నాటికి అది అమెరికా బేస్‌బాల్ ప్రసారాల్లోకి వచ్చేసింది. కూర్చున్నచోటు నుంచి లేవకుండా కెమెరామన్ మైదానమంతా చూపించి, అంతలోనే ఒక్క ఆటగాడి దగ్గరికి వెళ్ళిపోగలిగాడు.

ఆ బ్యాక్ రూపకల్పనతోనే జర్మనీలోని ఫోక్ట్‌లాండర్ కంపెనీ 1959లో 35 ఎంఎం ఫొటో కెమెరాలకు తొలి జూమ్‌ను బజారుకు తెచ్చింది. 36-82 మిల్లీమీటర్లు, 14 గాజు ముక్కలు, రింగు ఎక్కడున్నా మారని f/2.8, అంటే ఎంత వెలుగు దూరుతుందో చెప్పే అంకె. కోఠి కొట్టులో ఇవాళ రెండు లక్షలు పలుకుతున్న లక్షణం తొలి జూమ్‌కే ఉందన్నమాట. బరువు, ధర కూడా అప్పుడే ఉన్నాయి. బొమ్మలో పదును మాత్రం లేదు. నికాన్ 1963లో 9 గాజు ముక్కలతో చిన్న 43-86 జూమ్ తెస్తే జనం విరగబడి కొన్నారు. గోడ అంచులు వంగి కనిపిస్తున్నాయని దాన్ని తిట్టుకున్నవాళ్ళూ తక్కువేమీ కాదు.

జూమ్‌ను ఫొటోగ్రాఫర్లు అంతకాలం చిన్నచూపు చూడటానికి ముఖ్య కారణం లెక్కల బరువు. లెన్స్ గీయాలంటే ఒక్కో కిరణం ఒక్కో గాజు దగ్గర ఎంత వంగుతుందో కట్టుకుంటూ పోవాలి. 1840లో వియన్నాలో జోసెఫ్ పెట్స్‌వాల్ పోర్ట్రెయిట్ లెన్స్ రూపొందించినప్పుడు, ఆస్ట్రియా సైన్యం తన ఫిరంగిదళంలో లెక్కలొచ్చినవాళ్ళను ఆయనకు అరువిచ్చింది. అది కదలని లెన్స్. జూమ్‌కైతే రింగు తిరిగే ప్రతిచోటా ఆ లెక్కంతా మళ్ళీ కట్టాలి. 1956లో జపాన్‌లో ఒకాజాకి బుంజి ఫ్యూజీ ఫొటో ఫిల్మ్ కంపెనీలో 1,700 వాక్యూమ్ ట్యూబులతో ఫ్యూజిక్ అనే యంత్రం కట్టింది ఈ లెన్స్ లెక్కల కోసమే. జపాన్ తొలి ఎలక్ట్రానిక్ కంప్యూటర్ అదే.

కంప్యూటర్ తోడయ్యాక జూమ్ దశ తిరిగింది. ఫ్రాన్స్‌లో పియెర్ ఆంజెన్యూ తయారుచేసిన పదింతల జూమ్‌కు 1964 సంవత్సరపు ఆస్కార్ సాంకేతిక పురస్కారం దక్కింది. 1969లో అపోలో 11 నౌక లోపలి నుంచి వచ్చిన రంగుల టీవీ దృశ్యాలు తీసింది ఆయన కంపెనీ జూమ్‌తోనే. 1973లో కానన్ 35-70 లెన్స్ రెండే రెండు గాజుల గుంపులతో, జూమ్ కాని లెన్సులకు దీటైన బొమ్మ ఇచ్చింది. నేను విప్పిన 18-55 ఈ రెండు గుంపుల పద్ధతిలోదే.

గడపకో సుంకం

వెలుగు గాలిలోంచి గాజులోకి, గాజులోంచి గాలిలోకి దాటిన ప్రతిసారీ నూటికి నాలుగు వంతులు వెనక్కి తిరిగిపోతుంది. కిటికీ అద్దంలో మన ముఖం కనిపించేది అందుకే. రెండు మూడు గాజులైతే ఆ సుంకం భరించొచ్చు. కానన్ 70-200 f/2.8 రకాల్లో ఒకదానిలో 23 గాజు ముక్కలున్నాయి. అతికించినవాటిని ఒకటిగా లెక్కేస్తే 19 విడి ముక్కలు. అంటే వెలుగు దాటాల్సిన గడపలు 38. గడపకు నాలుగు శాతం పోతే చివరికి చేరేది సుమారు ఐదో వంతే. పోయిన వెలుగైనా ఊరుకోదు. గాజుల మధ్య అటూ ఇటూ కొట్టుకుని కొంత ఫొటో మీద తెల్లటి పొరలా పడుతుంది.

1935లో జర్మనీలోని జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మకులా గాజుకు పలచని పూత వేసి ఈ సుంకం తగ్గించే పద్ధతి కనిపెట్టాడు. పూత మందం పూతలో వెలుగు తరంగదైర్ఘ్యానికి నాలుగో వంతు. పూత పై నుంచీ అడుగు నుంచీ తిరిగొచ్చే తరంగాలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. లెన్స్‌ను వెలుగుకు వాల్చినప్పుడు కనిపించే ఊదా, ఆకుపచ్చ మెరుపు ఆ పూత చలవే. గడపకు నష్టం అర శాతానికి దిగితే, 38 గడపలు దాటినా 80 శాతానికి పైగా వెలుగు మిగులుతుంది.

రెండు లక్షలు ఎక్కడికి పోతున్నాయి?

f/2.8 అంటే ఫోకల్ లెంగ్త్‌ను వెలుగు దూరే రంధ్రం వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె. 200ను 2.8తో భాగించండి, 71 మిల్లీమీటర్లు. లెన్స్ మూతి అంతకన్నా వెడల్పు ఉండి తీరాలి. మా వాడి 18-55 చివర్న 55 దగ్గర f/5.6. రంధ్రం పది మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. బరువూ ధరా మొదలయ్యేది ఈ తేడా దగ్గరే. అంత వెడల్పు గాజు అంచుల్లో రంగులు చీలకుండా ఖరీదైన ప్రత్యేక గాజులు వేయాలి. రింగు ఎటు తిప్పినా f అంకె మారకుండా ఉండేందుకు, ఈ రకం లెన్సుల్లో వెలుగు రంధ్రాన్ని కదలని వెనక గుంపులో పెట్టి, కదిలే గాజుల్ని పొడుగు మారని గొట్టం లోపలే నడిపిస్తారు. కానన్ పాత 70-200 లెన్సుల్లో f/2.8 రకం 1,310 గ్రాములు తూగితే, f/4 రకం 705 గ్రాములే. సగం వెలుగు వదులుకుంటే దాదాపు సగం బరువు దిగిపోతుంది.

ఇంత చేసి కొనుక్కునేది వెలుగును, అంటే సమయాన్ని. f/5.6 కన్నా f/2.8కు నాలుగింతల వెలుగు. ఫొటోకు సెకనులో అరవయ్యో వంతు పట్టే చోట రెండొందల నలభయ్యో వంతు చాలు. చేతి వణుకును ఆపే ఏర్పాటు ఇప్పుడు చవక లెన్సుల్లోనూ ఉంది. అది మన చేతిని ఆపుతుంది గాని ఎదుట ఎగిరే పిల్లాణ్ణి ఆపలేదు.

“అయితే కొనాల్సిందేగా?” అన్నాడు వాడు.

“దేనికి?” అన్నాను. కొల్లేరు కొంగల కోసమైతే 200 చాలదు, 400 పైన కావాలి. ఇంట్లో పిల్లల కోసమైతే 50 మిల్లీమీటర్ల f/1.8 లెన్స్ అందులో పదో వంతు ధరకే దొరుకుతుంది, f/2.8 కన్నా రెండింతలకు పైగా వెలుగు ఇస్తుంది. దానికి జూమ్ లేదు, రెండడుగులు మనమే వేయాలి. పైగా నడక చేసే పని జూమ్ చేయలేదు. దగ్గరికి నడిస్తే ముఖానికీ వెనకున్న గోడకీ మధ్య పొందిక మారుతుంది. నిలబడి రింగు తిప్పితే ఉన్న దృశ్యాన్నే కత్తిరించి పెద్దది చేసినట్టు. ఇక తీసినవన్నీ వాట్సాప్‌లో పంపేవే అయితే, ఫోను తెర మీద కనిపించేది కెమెరా తీసిన 24 మెగాపిక్సెళ్ళలో పదో వంతు. అంచుల్లో పదును కోసం పోసిన డబ్బు అక్కడ కనిపించదు.

ఇంకో మాట కూడా చెప్పాను. లెన్స్ వాడకపోతే ఊరుకోదు. కోస్తాలో వానాకాలమంతా బీరువాలో పెట్టి మర్చిపోయిన నా పాత లెన్స్‌లో బూజు పట్టింది. టార్చి వేసి చూస్తే లోపలి గాజు మీద సాలెగూడు దారాలు. పూతను ఆ బూజు తినేస్తుంది, తుడిస్తే బూజు పోయినా మచ్చ ఉండిపోతుంది. గాలి చొరని డబ్బా, సిలికా జెల్ పొట్లాలు, నెలకోసారైనా బయటి వెలుగు, ఇవి కూడా ఆ రెండు లక్షలతో పాటు కొనుక్కునేవే.

చివరికి వాడికో పని అప్పజెప్పాను. ప్రతి డిజిటల్ ఫొటోలో ఫోకల్ లెంగ్త్, f అంకె, షట్టర్ వేగం దాగి ఉంటాయి. ఏడాది ఫొటోలు తిరగేసి, 55 దగ్గర గుద్దుకుని ‘ఇంకా దగ్గరికి కావాలి’ అనిపించినవీ, వెలుగు చాలక చెదిరినవీ లెక్కపెట్టమన్నాను. రెండు రోజుల తర్వాత ఫోను చేశాడు. సగానికి పైగా 18 దగ్గరే తీశాడట. చెదిరినవన్నీ మాత్రం పెళ్ళిళ్ళవి.

కాబట్టి పెళ్ళికే తెచ్చాడు, రెండు రోజులకు అద్దెకు. మా చెల్లెలి కూతురి పెళ్ళి. మండపం ముందు వీడియోవాళ్ళ స్టాండ్లు, లైట్లు, అడ్డంగా బంధువుల సెల్‌ఫోన్లు. వాడు మూడో వరస కుర్చీల దగ్గర ఇరుక్కుపోయాడు. ముందుకు పోలేడు, పంతులుగారిని ఆగమనలేడు. బేస్‌బాల్ మైదానంలో కూర్చున్న కెమెరామన్ పరిస్థితే. తలంబ్రాలు మొదలవగానే రింగు చివరికంటా తిప్పి వరసగా నొక్కాడు. ఆ ఫొటోలో పెళ్ళికూతురి నవ్వుకూ కెమెరాకూ మధ్య బియ్యపు గింజలు విడివిడిగా గాల్లో నిలబడి ఉన్నాయి.

సోమవారం లెన్స్ తిరిగిచ్చేసి, భుజం రుద్దుకుంటూ మా ఇంటికి వచ్చాడు. “కొంటున్నావా మరి?” అన్నాను.

“మాఘంలో ఇంకో పెళ్ళుంది బాబాయ్” అన్నాడు. “అద్దెకు ఇప్పుడే చెప్పి పెట్టొచ్చాను.”