కంప్రెషన్ సాక్స్ వేసుకుంటే తిమ్మిరి ఎందుకు?

వేరికోస్ వెయిన్స్ ఉన్నవాళ్లకూ, అమెరికాలోని పిల్లల దగ్గరికి విమానంలో వెళ్లే పెద్దవాళ్లలో కొందరికీ డాక్టర్లు కంప్రెషన్ సాక్స్ రాస్తుంటారు. వేసుకున్న కాసేపటికి కొందరికి కాలు తిమ్మిరెక్కుతుంది, పాదం మీద చీమలు పాకినట్టుంటుంది. "కొత్త కదా, అలవాటైపోతుందిలే" అంటారు ఇంట్లోవాళ్లు. దయచేసి ఆ మాట వినకండి. సరిపోయే సాక్స్ బిగుతుగా ఉంటాయి తప్ప తిమ్మిరి తెప్పించవు.

కదలకుండా నిలబడితే చీలమండ దగ్గరి సిరల్లో పీడనం 80, 90 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది. గుండె నుంచి అక్కడిదాకా ఉన్న రక్తం బరువంతా వాటి మీదే పడుతుంది మరి. నడుస్తుంటే పిక్క కండరాలు సిరలను పిండి రక్తాన్ని పైకి తోస్తాయి, లోపలి కవాటాలు దాన్ని మళ్లీ కిందికి జారనివ్వవు. కవాటాలు పాడైనవాళ్లకు సాక్స్ బయటి నుంచి ఆసరా ఇస్తాయి. అందుకే వాటి ఒత్తిడి చీలమండ దగ్గర ఎక్కువగా, పైకి పోయేకొద్దీ తక్కువగా ఉండేలా అల్లుతారు. ఈ ఆలోచన కాన్రాడ్ జాబ్స్ట్ అనే అమెరికా ఇంజనీరుది. సిరల జబ్బుతో బాధపడుతున్న ఆయనకు ఈతకొలనులో నిలబడితే కాళ్లకు హాయిగా ఉండేది. లోతుకొద్దీ నీటి ఒత్తిడి పెరగడమే అందుకు కారణమని గ్రహించాడు.

మరి తిమ్మిరి ఎక్కడి నుంచి వస్తుంది? మోకాలికి కాస్త కింద, బయటివైపు వేలితో తడిమి చూడండి. బొడిపెలా ఎముక తగులుతుంది. అది ఫిబులా తల. దాని కిందుగా కామన్ పెరోనియల్ నరం ఎముకను చుట్టి ముందుకు వస్తుంది. అక్కడ దాన్ని కాపాడే కండ దాదాపు లేదు, పైన చర్మం, కింద ఎముక. మోకాలి దాకా వచ్చే సాక్స్ పట్టీ కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. పొడవెక్కువైందని పై అంచును మడిచినా, జారి చుట్టుకుపోయినా బిగువు రెండింతలు, మూడింతలవుతుంది. నరానికి రక్తం అందించే సన్నటి నాళాలు నొక్కుకుపోతాయి, సంకేతాలు తడబడతాయి. అప్పుడు పిక్క బయటి పక్కా, పాదం పైభాగమూ మొద్దుబారుతాయి. గంటల తరబడి గొంతుక్కూర్చుని పొలం పని చేసేవాళ్లలో కొందరికి పాదం వాలిపోవడానికి కారణం కూడా ఈ నరం నలగడమే.

సన్నటి కాళ్లవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తపడాలి. లాప్లాస్ సూత్రం ప్రకారం బట్ట బిగువు ఒకటే అయినా చుట్టుకొలత తగ్గేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. ఎముక పొడుచుకొచ్చిన చోట మరీ ఎక్కువ. కాబట్టి "మీడియం ఇవ్వండి" అని చెప్పుల సైజు చూసి కొనే వస్తువు కాదిది. పొద్దున్న లేవగానే, వాపు ఎక్కకముందే చీలమండ, పిక్క కొలిచి కొనాలి.

వేళ్లన్నీ చల్లబడి, పాలిపోయి, మొద్దుబారితే అది ఒక్క నరం గొడవ కాదు, కాలికి రక్తం చాలడం లేదేమో చూడాలి. ధమనులు ఇరుకైనవాళ్లకు ఈ సాక్స్ హాని చేయవచ్చు. అనుమానం ఉంటే డాక్టర్లు చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగించి చూస్తారు. ఆ లెక్క 0.5 కన్నా తక్కువ వస్తే ఈ సాక్స్ వేయకూడదు.

నాకు ఎక్కువ దిగులు మాత్రం తిమ్మిరే తెలియనివాళ్ల గురించి. ఏళ్ల తరబడి షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ పోయినవాళ్లకు మడత ఒరుసుకుని పుండు పడినా తెలియదు. పక్షవాతంలోనూ స్పర్శ తగ్గవచ్చు. ఆ జబ్బు వచ్చిన 2,500 మందికి పైగా రోగులపై జరిగిన పరిశోధన ఒకటి 2009లో లాన్సెట్‌లో వచ్చింది. తొడ దాకా సాక్స్ వేసినవాళ్లలో రక్తపు గడ్డలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. పైగా చర్మం చిట్లడం, పుండ్లు, బొబ్బలు వాళ్లలో 5 శాతం మందికి, వేయనివాళ్లలో 1 శాతం మందికి కనిపించాయి. ఇలాంటివాళ్ల సాక్స్‌ను ఇంట్లో ఎవరో ఒకరు రోజూ విప్పి, మడమ, వేళ్ల సందులు, పట్టీ పడిన చోటు వెలుతురులో చూడాలి.

తిమ్మిరి వస్తే వెంటనే విప్పేయండి. కొన్ని నిమిషాల్లో తగ్గిపోతే సైజు, మడతలు సరిచూసుకుంటే చాలు. విప్పాక కూడా మొద్దుబారి ఉన్నా, బొటనవేలు పైకి లేవకపోయినా, నడుస్తుంటే పాదం ముందుభాగం నేలకు ఈడ్చుకుపోతున్నా, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెడుతున్నా ఆ రోజే డాక్టరుకు చూపించాలి.