రాని ముక్క కోసం

పెండ్లి విడిదిలో జంపఖానా పరచి, రెండు కట్టలు కలిపి పంచడం మొదలుపెట్టగానే మన పెద్దల ముఖాలలో వచ్చే కళను పాఠకులకు వర్ణించి చెప్పనక్కరలేదు. ఈ మధ్య బరంపురంలో అటువంటి విడిదిలోనే మా బావగారు ఆఠీను ఆరు, ఎనిమిది చేతబట్టుకొని, ఏడు కోసం ఆట ఆసాంతం కూర్చున్నారు. ఏడు రాలేదు. ఎదుటివారు ఆట చూపారు. జోకరు లేని సీక్వెన్సు ఒక్కటీ లేదు కనుక బావగారికి ఎనభై పడ్డాయి. పారేసిన ముక్కలు తిరగేసి చూద్దుము గదా, ఆఠీను ఏడు రెండు ముక్కలూ అందులోనే ఉన్నాయి! ఒకటి ఎదుటివారు వేసినది; ఆ వేళ బావగారు ఉప్మా సంగతి కనుక్కుంటున్నారు. రెండవది, ఆరూ ఎనిమిదీ చేతికి రాకముందు ఆయన స్వహస్తాలతో పారేసినదే.

ఇంకా పూర్తికాని చెయ్యి పట్టుకొని ముక్క కోసం ఎదురుచూడడమే పేకాటలో సగం పని. పోకరు ఆడేవారు దీనికి చక్కని లెక్క కట్టుకున్నారు. వరుసగా నాలుగు ముక్కలుండి రెండు కొసలా తెరిచి ఉంటే పనికివచ్చేవి ఎనిమిది ముక్కలు; నడుమ ఖాళీ ఉంటే నాలుగే. ఒకే రంగువి నాలుగుంటే ఐదవదానికి తొమ్మిది దారులు. చేతిలో రెండు, బల్లమీద మూడు తెలిసినవి పోగా మిగిలిన 47లో తొమ్మిదంటే, తరువాతి ముక్కకు సుమారు ఐదింట ఒక పాలు. అప్పుడు వారు ధర చూస్తారు. బల్లమీద 100 ఉండి, నిలవడానికి 20 అడిగితే ఇవ్వవచ్చు. 50 అడిగితే దండుగ.

మన రమ్మీకి ఈ లెక్క చక్కగా అతుకుతుంది. కట్టకొక జోకరు చొప్పున రెండు కట్టలకు 106 ముక్కలు. మన 13, తెరిచిన జోకరు, కింద పడి ఉన్న ముక్క పోగా కనబడనివి 91. ఆఠీను ఆరు, ఏడు ఉంటే అయిదుగాని ఎనిమిదిగాని చాలు: నాలుగు ముక్కలు. ఐదుసార్లు కట్టలోంచి తీస్తే వచ్చే అవకాశం ఐదింట ఒకటి. బావగారి వలె ఆరు, ఎనిమిది అయితే రెండే ముక్కలు, పదింట ఒకటి. ఆసు, రెండు జతా ఇంతే. అందుకే ఆరు, ఏడు ఆఠీనుతోపాటు ఇస్పేటు ఏడు కూడా ఉంటే దానిని తొందరపడి పారేయరాదు. సీక్వెన్సుకు నాలుగు, కళావరు, డైమను ఏడులు నాలుగు, వెరసి ఎనిమిది దారులు. మనకు ముందు ఆడేవారు పారేసేది కూడా మనకు దక్కుతుంది కనుక అవకాశం కాస్త పెరుగుతుంది. కాని మన ముక్క ఒకటి కింద పడి, దానిమీద మరొకటి పడిందా, దానిని లెక్కలోంచి కొట్టివేయవలసిందే. ఈ కొట్టివేత దగ్గరే మనవారికి చేతులాడవు.

ఈ జ్ఞాపకశక్తి సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద పోలీసులు పెట్టిన కేసులో 1967లో తీర్పు చెబుతూ, రమ్మీ మూడు ముక్కలాట వలె కేవలం అదృష్టం కాదనీ, పడిన ముక్కలు గుర్తుంచుకొని, ఏది ఉంచాలో ఏది వేయాలో తెలియాలనీ, కనుక ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అనీ అన్నారు. ఆ నేర్పు చూసుకొని ఇళ్ళు గుల్ల చేసుకొన్నవారూ ఉన్నారు. పందెపు రమ్మీకి తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను అడ్డుకట్ట వేశాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టం చేసింది. మా విడిదిలో పందెం చింతగింజలే లెండి.

చింతగింజలకైనా ధర ధరే. మొదటే తప్పుకొంటే ఇరవై, నడుమ తప్పుకొంటే నలభై, చివరిదాకా కూర్చుంటే ఎనభై దాకా. నాలుగు ఆటలు మొదటే తప్పుకొన్నా ఒక నిండు ఓటమితో సమానం. జోకరు లేక, రెండు ముక్కల దారి ఒక్కటే ఉన్న చెయ్యి పడితే మేమైతే ఇరవై రాయించుకొని కాఫీకి లేస్తాము. జోకర్లు రెండున్నా సరే, మొదటి సీక్వెన్సుకు అవి పనికిరావు కనుక, దాని దారి ఎన్ని ముక్కలో ముందు చూసుకొంటాము.

ఈ లెక్క బావగారికి చెప్పాము. ఆయన విన్నారు. తరువాతి ఆటలో మళ్ళీ నడుమ ఖాళీ చెయ్యే పడింది. నిట్టూర్చి, "డ్రాప్" అని ముక్కలు బోర్లించారు. బోర్లించి ఊరుకున్నారా? "నాకేమి వచ్చి ఉండేదో చూస్తానర్రా" అంటూ కట్టమీద చెయ్యి వేశారు. పక్కనే తమలపాకులు తుడుస్తున్న అక్కయ్య ఆ చేతిమీద ఒక్కటి వేసింది.