మారిషస్ దేశము - పదహారు మెట్లు

ఈసారి నేను మీకు మారిషస్ దేశం గురించి చెప్తాను.

మారిషస్ ఆఫ్రికా ఖండానికి చెందిన చిన్న ద్వీప దేశం. మడగాస్కర్‌కు తూర్పున సుమారు 800 కి.మీ. దూరంలో, హిందూ మహాసముద్రంలో ఉంది. రాజధాని పోర్ట్ లూయిస్. ఒడ్డుకు కొంచెం దూరంలో పగడపు దిబ్బలు గోడ మాదిరి అడ్డం ఉంటాయి. పెద్ద అలలు వాటికే తగిలి విరిగిపోతాయి. అందుకే లోపలి నీళ్ళు చెరువు మాదిరి నిమ్మళంగా ఉంటాయి. 2023లో దాదాపు 13 లక్షల మంది యాత్రికులు ఈ దేశం చూడ్డానికి వచ్చారు. షామరెల్ అనే ఊరి దగ్గర ఏడు రంగుల మట్టి ఉంది. పాంప్లెమూస్ తోటలో బండి చక్రమంత ఆకులున్న కలువలు ఉన్నాయి.

నాకు మాత్రం అన్నిటికన్నా ఆప్రవాసీ ఘాట్ ముఖ్యం అనిపించింది. అది పోర్ట్ లూయిస్ రేవులో ఉంది. ఓడ దిగిన కూలీలు అక్కడి 16 రాతి మెట్లు ఎక్కి పైకి పోయేవాళ్ళు. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

చెరకు తోటల్లో పనికి మన దేశం నుంచి మొదటి 36 మంది అట్లాస్ అనే ఓడలో 1834 నవంబరు 2న అక్కడ దిగారు. వాళ్ళను 'కొండ కూలీలు' అన్నారు. అంటే మనలాంటి ఆదివాసులే! నెలకు 5 రూపాయల జీతం, 5 ఏళ్ళ ఒప్పందం. వాళ్ళకు చదువు రాదు. ఇంకొకరు చదివి వినిపిస్తే కాగితం మీద గుర్తు పెట్టారు. తర్వాత కోరంగి, విశాఖపట్నం వైపు నుంచి మన తెలుగువాళ్ళు కూడా పోయారు. ఇప్పుడు అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు ఇస్తారు. బడుల్లో తెలుగు చెప్తారు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి.

ఇది ఎందుకు రాశానంటే, మా అమ్మానాయన ఏటా మిరపకాయ కోతలకు గుంటూరు వైపు పోతారు. మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇచ్చి కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటాడు. మొన్న సంక్రాంతి సెలవుల్లో ఆ కాగితం నేను చదివాను. ముగ్గురు కూలీలు అని రాసి ఉంది. ఆ మూడో మనిషిని నేనే! మా నాయనకు ఆ సంగతే తెలియదు. చదివి చెప్పగానే మేస్త్రీతో గట్టిగా మాట్లాడి నా పేరు కొట్టేయించాడు. అందుకే ఈ రోజు నేను ఇక్కడ ఉన్నాను.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీరు కూడా మీ ఇంట్లో కాగితాలు ఒకసారి చదవండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని