ఫాలిజ్, లఖ్వా, పక్షవాతం: గుండెకూ మెదడుకూ గల సంబంధం

హైదరాబాదు తూర్పు శివార్లలో, ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు మీద వున్న పీర్జాదిగూడ వంటి పేటలలో ఒకే జబ్బుకు అనేక పేర్లు వినిపిస్తాయి. తెలుగు ఇళ్లలో అది పక్షవాతం. ఉర్దూ ఇళ్లలో ఫాలిజ్, లేదా లఖ్వా. ఆసుపత్రి చీటీ మీద స్ట్రోక్. పేరు ఏదైతేనేమి అని తోచవచ్చు. కాని ఇంటివారు రోగిని మొదట ఎక్కడికి తీసుకువెళతారన్నది చాలాసార్లు ఆ పేరును బట్టే నిర్ణయమవుతున్నది. వాతమనుకున్నవారు తైలంతో మర్దన చేయిస్తారు, నాటుమందుకు బయలుదేరుతారు. లఖ్వా అనుకున్నవారిలో కొందరు పావురం నెత్తురు పూసి, గాలి తగలకుండా దుప్పటి కప్పి, తెల్లవారేదాకా కనిపెట్టుకుని వుంటారు. ఆ లోపల మెదడులో జరగవలసిన నష్టం జరిగిపోతుంది. అందువల్ల ఈ మాటల అసలు అర్థమేమిటో, ఇటీవలి వైద్య పరిశోధనలు ఈ జబ్బును గురించి ఏమి తేల్చాయో తెలుసుకోవడం అవసరం.

పూర్వ వైద్యుల వివేచన

అరబీ వైద్య గ్రంథాలలో ఈ పదాలు వేర్వేరు అర్థాలలో వాడబడ్డాయి. లఖ్వా అంటే ముఖం ఒక పక్కకు వంకరపోవడం మాత్రమే. ఫాలిజ్ అంటే శరీరంలో ఒక సగం చచ్చుబడటం. మనిషి ఉన్నట్టుండి స్పృహ, కదలిక రెండూ కోల్పోయి పడిపోతే దానిని సక్తా అన్నారు. మాటల మధ్య వున్న ఈ హద్దు దక్కనీ వాడుకలో చెరిగిపోయింది. నేడు లఖ్వా అన్న మాట ముఖం వంకరకూ, కాలు చేయి పడిపోవడానికీ కలిపి వాడుతున్నారు.

అబూబక్ర్ అర్రాజీ రచించిన మహాగ్రంథం ‘కితాబుల్ హావీ’ మొదటి భాగం శిరస్సుకు సంబంధించిన వ్యాధులతోనే ఆరంభమవుతుంది. ఆ గ్రంథాన్ని అరబీలో 1955 నుంచి 23 భాగాలుగా అచ్చువేసినది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫిల్ ఉస్మానియా సంస్థే. 1888లో ఏర్పడిన ఈ సంస్థ ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో వున్నది. ఉప్పల్, నాచారం ప్రాంతాలకు అది ఎంతో దూరం కాదు.

క్రీ.శ. 1037లో మరణించిన ఇబ్నె సీనా, సక్తాకు కారణం మెదడులోని మార్గాలు మూసుకుపోవడమని చెప్పాడు. ఆ మార్గాలలో ప్రవహించేది ‘రూహ్’ అన్నది ఆనాటి భావన. అది రక్తప్రసరణేనన్న సంగతి ఇంకా తెలియదు. అయినా ‘అడ్డు పడటం’ అన్న ఊహ మాత్రం సరైన దిశలోనే సాగింది. 1288లో కైరోలో మరణించిన ఇబ్నున్నఫీస్, రక్తం గుండె కుడి భాగం నుంచి ఊపిరితిత్తుల మీదుగా ఎడమ భాగానికి చేరుతుందని రాశాడు. 1658లో స్విట్జర్లాండ్ వైద్యుడు యోహాన్ యాకోబ్ వెప్ఫర్ శవపరీక్షల ఆధారంగా, మెదడులో రక్తస్రావం వల్ల ఈ జబ్బు వస్తుందని చూపాడు. 19వ శతాబ్ది మధ్యలో జర్మన్ శాస్త్రజ్ఞుడు విర్కో, ఒకచోట పుట్టిన రక్తపు గడ్డ ప్రవాహంలో కొట్టుకుపోయి మరొకచోట నాళాన్ని మూసివేయగలదని నిరూపించాడు. గుండెలో పుట్టిన గడ్డ మెదడును దెబ్బతీయగలదన్న నేటి అవగాహనకు పునాది అదే.

గుండెలో పుట్టి మెదడులో పడే దెబ్బ

స్ట్రోక్ రెండు విధాలు. నాళం మూసుకుపోయి మెదడులో కొంత భాగానికి రక్తం అందకపోవడం మొదటిది. నాళం చిట్లి రక్తం మెదడులోకి చిమ్మడం రెండవది. మొదటి రకమే ఎక్కువ. మూసివేసే గడ్డ మెడలోని ధమనిలో గాని, మెదడులోని ధమనిలోనే గాని, గుండెలో గాని పుట్టవచ్చు.

గుండె నుంచి వచ్చే గడ్డకు ముఖ్య కారణం ఏట్రియల్ ఫిబ్రిలేషన్. గుండె పై గదులైన కర్ణికలు క్రమంగా ముడుచుకోవడం మాని, గాలికి ఆకు అల్లాడినట్లు అల్లాడుతుంటాయి. రక్తం పూర్తిగా ముందుకు పోదు. ఎడమ కర్ణికకు అంటిపెట్టుకుని చిన్న సంచి వంటి భాగం ఒకటి వుంటుంది. నిలిచిన నీటిలో నాచు పట్టినట్లు, అక్కడ నిలిచిన రక్తం గడ్డకడుతుంది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణవాసులను దశాబ్దాల తరబడి పరిశీలించిన పరిశోధకులు, ఈ లోపం వున్నవారికి స్ట్రోక్ వచ్చే ప్రమాదం దాదాపు ఐదింతలని 1991లో ప్రకటించారు.

ఈ లోపం చాలామందిలో ఏ బాధా కలిగించదు. అదే దీనిలోని అపాయం. కొందరిలో వచ్చి పోతూ వుంటుంది. పరీక్ష చేసిన నిమిషంలో నాడి సవ్యంగానే వుండవచ్చు. 2014లో వెలువడిన ‘క్రిస్టల్ ఏ.ఎఫ్.’ అధ్యయనంలో, కారణం తెలియని స్ట్రోక్ వచ్చినవారి చర్మం కింద చిన్న పరికరం అమర్చి ఏడాది పాటు గుండె లయను గమనించారు. నూటికి 12 మందిలో ఈ లోపం బయటపడింది. మామూలు పరీక్షలతో గమనించినవారిలో నూటికి ఇద్దరిలోనే కనబడింది. అలాగని వృద్ధులందరికీ ఇటువంటి పరికరం అమర్చడం వల్ల ప్రయోజనం స్పష్టంగా తేలలేదు. 2021లో డెన్మార్క్ పరిశోధకులు ‘లూప్’ అధ్యయనంలో తెలిపిన విషయమిది.

యూనానీ హకీములు నబ్జ్ చూసి దాని నడకను వర్గీకరించారు. లేడి గంతు వంటిది, అల వంటిది, చీమ నడక వంటిది అని ఇబ్నె సీనా వర్ణించాడు. ఆ వర్ణనలను నేటి రోగనిర్ణయాలతో ముడిపెట్టడం సరికాదు. కాని మణికట్టు మీద వేళ్లు పెట్టి నాడి క్రమంగా వున్నదా, అడ్డదిడ్డంగా వున్నదా చూడటం నేటికీ మొదటి పరీక్షే. నాడి క్రమం తప్పితే ఇ.సి.జి. తీసి నిర్ధారించుకోవాలి.

మన దేశంలో మరొక కారణం కూడా వున్నది. పసితనంలో వచ్చిన గొంతునొప్పి, కీళ్లవాపు జ్వరం కొందరిలో గుండె కవాటాలను పాడుచేస్తుంది. కవాటం ఇరుకై కర్ణిక ఉబ్బుతుంది, గడ్డలు పుడతాయి. ముప్పై, నలభై ఏళ్ల వయసులోనే స్ట్రోక్ రావడానికి ఇది ఒక కారణం. ఇక హబ్సిగూడలో, ఉప్పల్ రోడ్డు మీద వున్న సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు ఇతర సంస్థలతో కలిసి 2009లో ప్రకటించిన విషయం గమనార్హం. గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 అక్షరాలు లోపించడం భారతీయులలో నూటికి సుమారు నలుగురిలో కనబడింది. అటువంటివారికి నడివయసు దాటాక గుండె కండరం బలహీనపడే ప్రమాదం హెచ్చు. ఆ పరిశోధన స్ట్రోక్‌ను గురించి చేసినది కాదు. అయినా బలహీనపడిన గుండెలో రక్తం నిలిచి గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది గనుక ఈ చర్చలో దానికి స్థానమున్నది.

మన ప్రాంతపు లెక్కలు

పంజాగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సుభాష్ కౌల్, ఆయన సహచరులు హైదరాబాదు స్ట్రోక్ రిజిస్ట్రీని నిర్వహించి 2002లో ఫలితాలు వెలువరించారు. నాళం మూసుకుపోయిన రోగులలో నూటికి సుమారు 40 మందికి పెద్ద ధమనులు పూడటం కారణమైంది. గుండె నుంచి వచ్చిన గడ్డ నూటికి పదిమందిలో కారణమైంది. నాలుగింట ఒక వంతు మందిలో కారణం తేలలేదు. ఆ తేలనివారిలో కొందరికి గుండె లయ లోపం దాగి వుండవచ్చునని పైన చెప్పిన అధ్యయనం వల్ల ఊహించవచ్చు.

ఇది పట్టణాల జబ్బు అనే అభిప్రాయం కూడా నిలవదు. గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో జరిగిన మరణాలను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, మరణాలలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనేనని తేలింది. అందులో గుండెపోటు, స్ట్రోక్ దాదాపు సమానంగా వున్నాయి.

బహుభాషా నగరమైన హైదరాబాదులోనే సాధ్యమైన పరిశోధన మరొకటి వున్నది. డాక్టర్ సువర్ణ అల్లాడి, సుభాష్ కౌల్, ఎడిన్‌బరోకు చెందిన థామస్ బాక్ తదితరులు నిజాం సంస్థ రోగులలో 608 మందిని పరిశీలించి 2016లో ‘స్ట్రోక్’ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. రెండు లేక అంతకన్న ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో నూటికి 40 మందికి స్ట్రోక్ తరువాత కూడా ఆలోచనాశక్తి సవ్యంగా నిలిచింది. ఒకే భాష వచ్చినవారిలో అలా నిలిచినవారు నూటికి 20 మందే. వయసు, చదువు, రక్తపుపోటు మొదలైన తేడాలను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా ఈ వ్యత్యాసం మిగిలింది. అయితే మాట పడిపోవడం మాత్రం ఇరువర్గాలలోనూ దాదాపు ఒకే స్థాయిలో కనబడింది. ఇది ఒకే ఆసుపత్రి రోగుల అధ్యయనం గనుక తుది తీర్పుగా భావించరాదు. కాని ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే లక్షలాది కుటుంబాలకు ఇది ఆసక్తి కలిగించే సంగతి. దీనిలో ఒక ఆచరణాత్మక సూచన కూడా వున్నది. మాట పోయిన రోగిని పరీక్షించేటప్పుడు, చికిత్స ఇచ్చేటప్పుడు అతనికి వచ్చిన భాషలన్నిటిలోనూ పలకరించాలి. ఒక భాషలో మూగవోయినవాడు మరొక భాషలో బదులు చెప్పవచ్చు. రోగికి ఏ భాషలు వచ్చునో వైద్యునికి చెప్పవలసినవారు ఇంటివారే.

గడచిన నిమిషం తిరిగి రాదు

పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల మెదడు కణాలు నశిస్తాయని 2006లో అమెరికా వైద్యుడు జెఫ్రీ సేవర్ లెక్కగట్టాడు. గడ్డను కరిగించే మందును మూడు గంటలలోపల ఇస్తే, వైకల్యం లేకుండా బయటపడేవారి సంఖ్య పెరుగుతుందని 1995లో అమెరికాలో రుజువైంది. 2008లో ఐరోపా పరిశోధన ఆ గడువును నాలుగున్నర గంటలకు పెంచింది. ఒకే ఇంజెక్షన్‌గా ఇవ్వగల టెనెక్టెప్లేజ్ పాత మందుకు తీసిపోదని 2022లో కెనడా అధ్యయనం తెలిపింది. పెద్ద నాళాలలోని గడ్డను సన్నని గొట్టం ద్వారా బయటికి లాగే పద్ధతి 2015లో నెదర్లాండ్స్ పరిశోధనతో స్థిరపడింది. ఎంపిక చేసిన రోగులలో 24 గంటల వరకు ఇది ఉపకరిస్తుందని 2018లో తేలింది. గడువు పెరిగిందని తాత్సారం చేయరాదు. ఎంత త్వరగా జరిగితే అంత మేలు.

ఈ మందుకు అపాయం లేకపోలేదు. 1995 నాటి పరిశోధనలో మందు తీసుకున్నవారిలో నూటికి ఆరుగురికి మెదడులో హానికరమైన రక్తస్రావం జరిగింది. అందుకే ముందుగా సి.టి. స్కాన్ తీయాలి. నాళం చిట్లినదా, మూసుకున్నదా అన్నది పైకి చూసి ఎవరూ చెప్పలేరు. చిట్లిన రోగికి గడ్డ కరిగించే మందు ప్రాణాంతకం. ఇంట్లో ముందుజాగ్రత్త అనుకుని ఆస్పిరిన్ మింగించడం కూడా ఈ కారణంగానే తప్పు.

పీర్జాదిగూడ నుంచి పంజాగుట్టకు దాదాపు ఇరవై కిలోమీటర్ల దారి. ఉప్పల్ చౌరస్తా రద్దీ అందరికీ తెలిసినదే. కనుక స్కాన్ లేని చిన్న దవాఖానాలో ఒక గంట, మర్దన చేసేవాని వద్ద ఒక గంట పోతే గడువులో సగం చెల్లిపోయినట్లే. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవకు ఫోన్ చేసి, స్కాన్, స్ట్రోక్ చికిత్స రెండూ వున్న ఆసుపత్రికే నేరుగా వెళ్లాలి.

రక్తం పలచబరిచే మందులు, ఉపవాసం

గుండె లయ లోపమున్నవారిలో వార్ఫరిన్ మందు స్ట్రోక్‌ను దాదాపు మూడింట రెండు వంతులు తగ్గిస్తుంది. ఆస్పిరిన్ తగ్గించేది ఐదింట ఒక వంతు మాత్రమే. వార్ఫరిన్ వాడేవారు ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష తరచుగా చేయించుకోవాలి. పాలకూర, తోటకూర వంటి ఆకుకూరలు పూర్తిగా మానవలసిన పనిలేదు, ఎప్పుడూ ఒకే మోతాదులో తినాలి. 2009 తరువాత వచ్చిన డాబిగాట్రాన్, రివరాక్సబాన్, ఎపిక్సబాన్ వంటి మందులకు ఈ పరీక్ష అక్కరలేదు. కాని కీళ్లవాపు జ్వరం వల్ల కవాటాలు చెడినవారికి పాత మందే మేలని 24 దేశాలలో సుమారు నాలుగున్నర వేల మందిపై జరిగిన ‘ఇన్విక్టస్’ పరిశోధన 2022లో తేల్చింది. కొత్తది గదా అని తమంత తాము మందు మార్చుకోరాదు.

రమజాన్‌లో కొందరు ఈ మందులను మానివేయడమో, ఇష్టం వచ్చిన వేళకు మార్చడమో చేస్తుంటారు. ఎపిక్సబాన్ రోజుకు రెండుసార్లు వేసుకోవలసినది. సహరీకి, ఇఫ్తారుకు మధ్య మన నగరంలో 13 లేక 14 గంటల వ్యవధి వుంటుంది. ఇది ఎవరికి సరిపడుతుందో ఉపవాసాలకు ముందుగానే వైద్యునితో నిర్ణయించుకోవాలి. రోగికి ఉపవాసం నుంచి సడలింపు సూరె బఖరాలోనే వున్నది. ఆ సడలింపును వాడుకోవడం విశ్వాస లోపం కాదు. ఇక హెపారిన్ ఇంజెక్షన్ పంది ప్రేగుల నుంచి తయారవుతుందన్నది నిజమే. ప్రత్యామ్నాయం లేనప్పుడు జరూరత్ నియమం వర్తిస్తుందని ధర్మవేత్తలు వివరించారు. వేరే మందు వున్నదా అని అడిగే హక్కు రోగికి వున్నది. అడగకుండా చికిత్స మానుకోవడం మాత్రం తగదు.

ప్రతి ఇంటిలో తెలిసి వుండవలసినవి

ముఖం ఒక పక్కకు జారడం, ఒక చేయి పైకెత్తలేకపోవడం, మాట తడబడటం: ఈ మూడింటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా ఆలస్యం చేయరాదు. రోగి చివరిసారి బాగా వున్న వేళ ఎంతో గుర్తుంచుకుని వైద్యునికి చెప్పాలి. లక్షణం పది నిమిషాలలో తగ్గిపోయినా వెళ్లవలసిందే. అది రాబోయే పెద్ద దెబ్బకు హెచ్చరిక కావచ్చు. నోట నీరు, మందు, తేనె ఏదీ పోయరాదు. మింగలేని రోగికి అది ఊపిరితిత్తులలోకి పోతుంది.

ముఖం మాత్రమే వంకరపోయే అసలు లఖ్వా వేరే జబ్బు. దానిలో ఆ పక్క నుదురు కూడా ముడతపడదు, కన్ను మూతపడదు. కాలు చేయి బాగానే వుంటాయి. కాని ఈ తేడాను తేల్చవలసినది ఆసుపత్రిలో, ఇంటి గుమ్మంలో కాదు.

నివారణ మన చేతిలోనే చాలావరకు వున్నది. రక్తపుపోటు, చక్కెర జబ్బు, పొగాకు, సరికాని ఆహారం, కదలిక లేని జీవితం మొదలైన పది కారణాలే పదింట తొమ్మిది స్ట్రోకులకు మూలమని అనేక దేశాలలో జరిగిన ‘ఇంటర్‌స్ట్రోక్’ పరిశోధన వెల్లడించింది. నాచారం కార్ఖానాలో పనిచేసే నలభై ఏళ్ల మనిషి రక్తపుపోటు చూపించుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. అరవై దాటిన తల్లిదండ్రుల మణికట్టు పట్టి నాడి చూడటానికి ఒక నిమిషం చాలు. అది క్రమం తప్పిందని అనుమానం వస్తే, మరునాడే ఇ.సి.జి. తీయించాలి.