బాత్‌లో వానరోజు... కరోలిన్ ఇంట్లో!

ఇంగ్లండులో వాన ఆగాక బయల్దేరదామనుకుంటే ఏ ఊరూ చూడలేం. అందుకే మేం నలుగురు స్నేహితురాళ్లం గొడుగులు పట్టుకుని, పులిహోర డబ్బా సంచిలో పెట్టుకుని లండన్ పాడింగ్టన్ స్టేషన్లో రైలెక్కేశాం. గంటన్నరలో బాత్. ఊరంతా తేనెరంగు రాతి కట్టడాలే. వానకు తడిసి బెల్లంపాకం రంగుకు తిరిగాయి.

ముందు రోమన్ల స్నానఘట్టాలు చూశాం. దాదాపు రెండు వేల ఏళ్లనాటివి. భూమిలోంచి 46 డిగ్రీల వేడినీళ్లు రోజుకు పది లక్షల లీటర్లకు పైగా ఊరుతూనే ఉంటాయి. ఆ నీళ్లూ ఒకప్పటి వానేనట! వేల ఏళ్ల క్రితం మెండిప్ కొండలమీద కురిసి, లోతుల్లోకి ఇంకి, అక్కడ కాగి పైకొస్తున్నాయి. పెద్ద కొలనుకు కప్పు లేదు. ఆకుపచ్చటి నీళ్లమీద వాన పడుతుంటే ఆవిర్లు లేస్తున్నాయి. చెయ్యి మాత్రం పెట్టనివ్వరు.

అక్కడి అద్దాల పెట్టెల్లో సీసపు రేకులున్నాయి. వస్తువులు పోగొట్టుకున్నవాళ్లు దొంగను శిక్షించమని సూలిస్ మినర్వా దేవతకు రాసుకున్న శాపాలవి. దాదాపు 130 దొరికాయి. పోయినవేమిటంటారా? చేతితొడుగులు, స్నానానికొచ్చి విడిచిన బట్టలు! తీసింది ఆడో మగో, బానిసో కాదో తెలియదు కనుక అందరినీ కలిపే తిట్టారు. వీధి కుళాయి దగ్గర బిందె పోయినప్పటి తిట్లు గుర్తొచ్చి ఒకటే నవ్వుకున్నాం.

1801 నుంచి 1806 దాకా జేన్ ఆస్టిన్ ఈ ఊళ్లోనే ఉంది. వచ్చినవాళ్లంతా ఆమె కోసమే వెతుక్కుంటారు. మాలో ఒకామె మాత్రం పట్టుబట్టి మమ్మల్ని న్యూ కింగ్ స్ట్రీట్‌లోని 19వ నంబరు ఇంటికి నడిపించింది. ఆమె గుంటూరులో లెక్కల లెక్చరరుగా చేసింది. పెళ్లయి ఇక్కడికొచ్చాక పదకొండేళ్లుగా ఇల్లే లోకం.

ఇప్పుడు మ్యూజియంగా ఉన్న ఆ ఇంటి పెరట్లోంచే 1781 మార్చి 13న విలియం హెర్షెల్ యురేనస్ గ్రహాన్ని కనిపెట్టాడు. ఆ మాట మనం బళ్లో చదువుకున్నదే. ఆయన చెల్లెలు కరోలిన్ సంగతి ఎవరు చెప్పారు? జర్మనీలోని హానోవర్‌లో 1750లో పుట్టింది. పదేళ్లప్పుడు టైఫస్ జ్వరమొచ్చి ఎదుగుదల ఆగిపోయింది. నాలుగడుగుల మూడంగుళాలే. ఇంటి చాకిరీకి పనికొస్తుందిలే అనుకుంది తల్లి. 1772లో విలియం చెల్లెలికి పాట నేర్పిస్తానని తీసుకెళ్లబోతే, ఆమె బదులు పనిమనిషిని పెట్టుకోవడానికి తల్లికి ఏటా డబ్బు కట్టాల్సొచ్చింది. బయల్దేరేముందు కరోలిన్ తల్లికీ తమ్ముడికీ రెండేళ్లకు సరిపడా మేజోళ్లు అల్లిపెట్టిందట!

బాత్‌లో ఆమె కచేరీల్లో పాడేది. అన్నకు చుక్కల పిచ్చి ముదిరాక ఆ పాట వెనకబడింది. టెలిస్కోపు అద్దం సానపడుతూ ఆయన గంటల తరబడి చెయ్యి తీయకపోతే నోట్లో ముద్దలు పెట్టేది. అద్దం పోతపోసే అచ్చు కోసం గుర్రపు పేడ రోట్లో దంచి జల్లించింది. తీరా పోత పోస్తే అచ్చు పగిలి, కాగిన లోహం కారి నేలమీది రాతిపలకలు పేలిపోయాయి. ఆ పగిలిన పలకలు వంటింటి పక్కనున్న పనిగదిలో ఇప్పటికీ ఉన్నాయి.

బాత్ వదిలాక, 1786లో ఆమె సొంతంగా ఒక తోకచుక్కను కనిపెట్టింది. 1797 నాటికి అవి ఎనిమిదయ్యాయి. 1787 నుంచి రాజుగారు ఏడాదికి 50 పౌండ్ల జీతమిచ్చారు. 1828లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ బంగారు పతకం కూడా వచ్చింది.

మా లెక్కల లెక్చరరు ఆ పలకల దగ్గర్నుంచి కదలదే! "ఆ తల్లికి పనిమనిషి డబ్బు కట్టారు చూడు. నా బదులు ఎవరు కడతారే?" అంది నెమ్మదిగా. వాళ్లుండే చోట కాలేజీలో వారానికి రెండు సాయంత్రాలు లెక్కలు చెప్పే ఉద్యోగం ఉందట. దరఖాస్తు మూడు వారాలుగా హ్యాండ్‌బ్యాగులోనే తిరుగుతోంది. ఆ టైములో పిల్లలకు అన్నం ఎవరు పెడతారని ఇంట్లో ప్రశ్న.

"ఆ రెండ్రోజులూ స్కూలు నుంచి మా ఇంటికి పంపెయ్. నా పిల్లలతోపాటే తింటారు" అంది పక్క వీధిలో ఉండే మా పెద్దక్క, తడి గొడుగు మడుస్తూ.

గడువు శుక్రవారంతో సరి.