గాలి తగిలిన సిలికాన్

పాడేరు సంతకి కాఫీ రెండు వేషాల్లో దిగుతుంది. పండు పండుగానే ఎండబెడితే చెర్రీ. తోలు తీసి, కడిగి, ఆరబెడితే పార్చ్‌మెంట్. పార్చ్‌మెంట్ గింజకి పల్చటి పొట్టు అంటిపెట్టుకునే ఉంటుంది; బాగా ఆరిన గింజ దాని చాటున నెలల తరబడి నిలుస్తుంది. అదే గింజని వేయించి పొడి కొట్టి మూత సరిగా పెట్టకపోతే, ఈ కొండల తేమకి నాలుగు రోజుల్లో వాసన పోతుంది. వేపుతో గింజ మారింది; పొడి కొట్టడంతో గాలికి తగిలే ఒళ్లూ పెరిగింది.

పోరస్ సిలికాన్ కష్టమూ ఇదే. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఆర్థర్ యూలిర్, ఇంజెబోర్గ్ దంపతులు సిలికాన్ పలకల్ని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో ఉంచి, కరెంటు పంపి నున్నగా చేయబోయారు. కరెంటు తక్కువైనప్పుడు నునుపు రాలేదు, రంగు తిరిగిన పొర ఒకటి మిగిలింది. 1956లో ఆ సంగతి అచ్చయింది. ఆ పొర నిండా కంటికి ఆనని చిల్లులే; అదే పోరస్ సిలికాన్. గ్రాముకి 400 చదరపు మీటర్ల ఉపరితలం ఉన్నా, అది దాదాపు 10 సెంట్ల స్థలం. చిటికెడు పొడిలో ఇంటి దొడ్డంత!

1990లో ఇంగ్లండులోని మాల్వర్న్‌లో లీ కానమ్ ఆ పొర ఎర్రగా వెలగడం చూపించాక అందరి కళ్లూ దీని మీద పడ్డాయి. మామూలు సిలికాన్ నుంచి వెలుగు రాబట్టడం మహా కష్టం మరి. తీరా చూస్తే ఆ వెలుగు నిలకడ లేనిది. ఇవాళ కొలిచిన రంగు కొన్ని వారాలకి ఇంకోలా ఉండేది.

తాజా చిల్లుల గోడలకి హైడ్రోజన్ కప్పు ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్ ఆ కప్పుని ఊడపీకే పని పెట్టుకోదు, దాని కిందున్న సిలికాన్ బంధాల్లోకి దూరుతుంది. పెంకులు అలాగే ఉండగా వాసాలకి చెద పట్టినట్టు. ఈ పొరతో చేసే, ఆవిరి తగిలితే రంగు మార్చే సెన్సర్‌కి ఇది పెద్ద తలనొప్పి: మారింది ఆవిరి వల్లో, వయసు వల్లో తేల్చడమెలా?

ఒక ఉపాయం, వేడిలో ఆక్సిజన్ పట్టించి మనమే ముందుగా ముసలిదాన్ని చేసెయ్యడం. నాకు నచ్చింది మాత్రం ఫిన్లాండులోని టుర్కులో యార్నో సాలొనెన్ బృందం పట్టుకున్న దారి. ఎసిటిలీన్ వాయువులో వేడిచేసి, గోడలకి కార్బన్ పొట్టు తొడిగారు.

పోరస్ సిలికాన్‌తో చేసిన, మందు మోసే రేణువులకైతే ఈ నిలకడలేనితనమే, అంటే కరిగే గుణమే కావాలి. ఒంట్లో అవి సిలిసిక్ ఆమ్లంగా మారి మూత్రంలో పోతాయి. ఎన్నాళ్లకి కరగాలో పైపూతని బట్టి నిర్ణయించుకుంటారు.