వానలకు ముందే మిద్దె చూద్దాం
ఇల్లు బాగుచేతకు సాయం చేసే దాతలకు కొన్ని సూచనలు



ఇంటి బాగుచేతకు సాయం కోరుతూ వచ్చే అర్జీలు చాలావరకు ఒకే మాటతో మొదలవుతాయి. "మిద్దె కారుతోంది." ఆ మాట వినగానే పది బస్తాల సిమెంటుకు డబ్బులిచ్చి పంపడం మనకు అలవాటు. ఇచ్చినవారి మనసు తృప్తి పడుతుంది. మరుసటి ఏడాది అదే ఇంటి నుంచి అదే అర్జీ మళ్లీ వస్తుంది. డబ్బు తక్కువై ఇలా జరగదు. జబ్బు ఒకటైతే మందు ఇంకొకటి వేయడం వల్ల జరుగుతుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల ఇళ్లలో తరచుగా వచ్చే ఇబ్బందులేమిటో, వాటికి ఏం చేస్తే ఇచ్చిన సాయం నిలుస్తుందో ఇక్కడ చూద్దాం.

మట్టి మిద్దె మీద సిమెంటు

మన పాత ఇళ్లు దూలాలు, దంతెలు లేదా రాతి బండలు పరిచి, వాటి మీద మన్ను కొట్టి, పైన చౌడు మన్ను పోసినవి. చౌడు తడిస్తే బిగుసుకుని నీటిని కిందికి దిగనివ్వదు. అందుకే పెద్దలు ఏటా వానలకు ముందు మిద్దెక్కి, కొట్టుకుపోయిన చోట కొత్త చౌడు పోసి తొక్కించేవారు. ఆ పని మానేసిన ఇళ్లే ఇప్పుడు ఎక్కువగా కారుతున్నాయి.

అలాంటి మిద్దె మీద సిమెంటు కాంక్రీటు వేయడం పెద్ద పొరపాటు. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గదిపై ఒక్క అంగుళం కాంక్రీటు వేసినా అర టన్నుకు పైగా బరువు పెరుగుతుంది. ఆ బరువును మోయాల్సింది చెదలు పట్టిన పాత దూలం. పైగా మట్టి కదిలినట్లు సిమెంటు కదలదు. ఒక ఎండాకాలానికే సన్నటి బీటలు పడతాయి. వాటిలోంచి దిగిన నీరు పైకి ఆరే దారిలేక లోపలే నిలిచి, కట్టెను పుచ్చిపోయేలా చేస్తుంది. కింద పడుకున్నవారికి అది కనబడదు.

కాబట్టి ముందు దూలాలను చూడాలి. ఇనుప మొలతో గుచ్చితే మెత్తగా దిగే దూలాన్ని మార్చాలి. ఆ తర్వాత కొత్త చౌడు పోయించి, నీరు పోయే గొట్టాల వైపు వాటం పెట్టాలి. బండల మిద్దె అయితే సందుల్లోని పాత పూత గీకేసి, సున్నం కలిపిన గారతో నింపాలి. పెనుకొండలో గగన్ మహల్ లాంటి పాత కట్టడాలు నిలిచింది సున్నపు గారతోనే. మన తాతల బేల్దారులకు తెలిసిన పని ఇది.

స్లాబు కారితే

ఆర్.సి.సి. స్లాబు కారుతుంటే మొదట మిద్దె మీద నీరు నిలిచే చోటు వెతకాలి. చాలాసార్లు గొట్టం ఆకులతో పూడిపోయి ఉంటుంది, లేదా వాటం తక్కువై ఉంటుంది. వంద అడుగులకు ఒక అడుగు వాటమైనా లేని మిద్దె మీద ఎంత ఖరీదైన పూత పూసినా ఎక్కువ కాలం నిలవదు. పిట్టగోడ, స్లాబు కలిసే మూలను గుండ్రంగా పూయించాలి. కారుడు ఎక్కువగా మొదలయ్యేది ఆ మూలలోనే.

గది లోపల పెచ్చులూడి కడ్డీలు కనిపిస్తుంటే సంగతి వేరు. తుప్పు పట్టిన కడ్డీ ఉబ్బి కాంక్రీటును కిందికి నెడుతుంది. దాన్ని అలాగే ఉంచి పైన ప్లాస్టరు పూస్తే కొన్ని నెలల్లో మళ్లీ రాలుతుంది. వదులైన కాంక్రీటంతా కొట్టేసి, కడ్డీని తీగ బ్రష్షుతో తోమి, తుప్పు నిరోధించే పూత వేసి, ఆ తర్వాతే పూడ్చాలి. కడ్డీ బాగా సన్నబడిపోయి ఉంటే బేల్దారి మాటతో సరిపెట్టకుండా ఇంజనీరును పిలిపించండి.

గోడ అడుగున చెమ్మ

వీధిలో రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుంది. కొన్నాళ్లకు గడప రోడ్డుకన్నా కిందికి పోతుంది. వాననీరు, కాలువనీరు గోడ అడుగున చేరుతుంది. అక్కడ నడుము ఎత్తుదాకా సిమెంటు పూత వేస్తే చెమ్మ ఆరే దారి మూసుకుపోయి ఇంకా పైకి ఎక్కుతుంది. బయట గోడ వెంట మట్టి తీసి, నీరు దూరంగా పోయేలా చప్టా, కాలువ వేయించాలి. లోపలి పూతకు మట్టి గోడలకైతే సున్నమే మేలు.

ధర్మవరంలో ఇది కూటికి సంబంధించిన సమస్య. గుంట మగ్గం ఉన్న ఇంట్లో వానకు గుంటలో నీరు ఊరితే ఆ రోజు నుంచి నేత ఆగిపోతుంది. పడుగు తడిస్తే పట్టు చెడుతుంది. అక్కడ ఇంటి కప్పుకన్నా ముందు గుంటకు సాయం చేయాలి. అడుగున కాంక్రీటు వేసి, చుట్టూ ఇటుక గోడ కట్టి, నీరు పట్టని మందు కలిపిన సిమెంటుతో పూయించాలి. గుంట అంచును నేలకన్నా అరడుగు ఎత్తు పెంచితే గదిలోకి వచ్చిన నీరు లోపలికి దిగదు. ఎంత చేసినా నీరు ఊరే వీధుల్లో గుంట అక్కరలేని స్టాండు మగ్గానికి మారడం గురించి ఆ కుటుంబంతో మాట్లాడాలి.

ఎస్టిమేటులో మరిచిపోయే ఖర్చు

మన ప్రాంతంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. సిమెంటు, ఇసుక, కూలికి లెక్క వేసి నీటిని మరిచిపోతాం. కొత్త స్లాబును కనీసం 7 రోజులు, ఎండాకాలంలో 10 రోజులకు పైనే తడిగా ఉంచాలి. వంద చదరపు అడుగుల స్లాబు మీద రెండు అంగుళాల నీరు నిలపాలంటే సుమారు 470 లీటర్లు కావాలి. రోజూ ఇగిరిపోయినంత మళ్లీ పోయాలి. కుళాయి నీటి కోసం బిందెలతో నిలబడే ఇల్లాలు ఇంత నీరు ఎక్కడినుంచి తెస్తుంది? అందుకే ట్యాంకరు ఖర్చు, గోనెపట్టాల ఖర్చు ముందే చేర్చాలి. నీటికి ఇవ్వని వెయ్యి రూపాయలు సిమెంటుకు ఇచ్చిన వేలను వృథా చేస్తాయి.

కలిపేటప్పుడు మాత్రం నీరు మితంగా ఉండాలి. 50 కిలోల బస్తాకు 25 నుంచి 30 లీటర్లు చాలు. పని సులువవుతుందని కూలీలు ఎక్కువ పోస్తే స్లాబు బలం తగ్గుతుంది. ఇసుకను గాజు గ్లాసులో సగం దాకా పోసి, ఉప్పు నీళ్లతో కలిపి, మూడు గంటలు కదపకుండా ఉంచండి. పైన పేరుకున్న ఒండ్రు నూటికి 8 వంతులు మించితే ఆ ఇసుక వద్దు.

సాయం ఎలా ఇవ్వాలి

రంజాన్ ఇప్పుడు ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తోంది. జకాత్, సదఖా సొమ్ము చేతికి అందే ఆ సమయమే మిద్దె పనికి సరైన అదును. మనకు పెద్ద వానలు సెప్టెంబరు, అక్టోబరులో. మే లోగా పని ముగిస్తే మంచిది. కారుతున్నప్పుడు వచ్చిన అర్జీకి అప్పటికి టార్పాలిన్ ఇచ్చి, పనిని ఎండాకాలానికి రాసిపెట్టుకోవాలి. తడి మిద్దె మీద చేసిన పని నిలవదు.

డబ్బును విడతలుగా ఇవ్వండి. పని మొదలుకు కొంత, దూలాలో కడ్డీలో బాగయ్యాక పైపూతకు ముందు చూసి కొంత, తడిపే రోజులు పూర్తయ్యాక మిగిలింది ఇవ్వండి. ఇది అనుమానించడం కాదు. ఆ ఇంటివారి తరఫున బేల్దారిని అడిగే మనిషి ఒకరున్నారని తెలియాలి. ఒంటరి ఆడవాళ్ల ఇళ్లకు ఇది మరీ అవసరం.

బాగుచేత వద్దనాల్సిన ఇళ్లు

2021 నవంబరు వానలకు కదిరిలో మూడంతస్తుల భవనం కూలి, పిల్లలతో సహా ప్రాణాలు పోయాయి. మన ఊళ్లకు అది దూరం కాదు. గోడ బయటికి ఉబ్బినా, నిన్నటిదాకా పడిన తలుపు ఈరోజు బిగుసుకుపోయినా, మూలల్లో ఏటవాలు బీట వెడల్పవుతున్నా, కప్పు నుంచి మన్ను రాలుతున్నా ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరూ పడుకోకూడదు. బీట పెరుగుతోందో లేదో తెలియాలంటే దాని రెండు కొసల దగ్గర పెన్సిలుతో గీత గీసి తేదీ రాయండి. వారం తర్వాత చూడండి. మట్టి గోడలు వాన ఆగిన తర్వాత కూడా కూలుతాయి కనుక ఎండ వచ్చిందని వెంటనే లోపలికి పోనివ్వవద్దు.

అలాంటి ఇంటికి సిమెంటు డబ్బులిస్తే ఆ కుటుంబాన్ని ప్రమాదంలోనే ఉండమన్నట్టు. రెండు మూడు నెలల అద్దె ఇచ్చి బయటికి తీసుకురావడమే అప్పుడు చేయాల్సిన సాయం. ఇల్లు తర్వాత కట్టవచ్చు.

ఈ ఏడాది మీరు ఒక మిద్దెకు సాయం చేయదలిస్తే, డబ్బు ఇచ్చే ముందు ఒక్కసారి నిచ్చెన వేసుకుని ఆ మిద్దె ఎక్కి చూడండి. కింద నుంచి కనబడనిది అక్కడ కనబడుతుంది.